శవం వాటా

తెరోయ్ అన్న చనిపోయిన మర్నాడు మధ్యాహ్నం మా వార్డు కౌన్సిలరు వచ్చాడు. శవపేటిక ముందు నిలబడి సిలువ గుర్తు వేసుకున్నాడు. ఒక బిస్కెట్ తిన్నాడు. శవం దగ్గర చేసే ఈ జాగారంలో బింగో ఆడకూడదని చెప్పాడు.

"అట్టల బింగో జూదం కిందకొస్తుంది పురింగక్కా. పైనుంచి ఆర్డరు. చావిల్లయినా సరే వదలొద్దన్నారు."

"మరి అదేంటి?" అని ఎస్తోంగ్ వైపు చూపించాను. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెలు మోసే ఎస్తోంగ్ పేటిక పక్కనే కూర్చుని ఫోనులో తల దూర్చాడు. ఆ ఫోనులో ఎర్ర గౌను అమ్మాయి ఎవరో నంబర్లు చదువుతోంది.

"అది లైసెన్సున్న ఆటక్కా. ప్రభుత్వానికి పన్ను కడతారు."

"అంటే మొక్కజొన్న గింజలతో ఆడితే నేరం, ఫోనుతో ఆడితే దేశసేవ."

ఇస్యాంగ్ వదిన నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. ఆమె తెరోయ్ అన్న భార్య. శవం ఇంట్లో ఉండగా గొడవ వద్దని ఆమె భయం. పైగా మేం కూర్చున్న టెంటు కౌన్సిలరుదే. టార్పాలిన్ నిండా ఆయన మొహమే అచ్చేసి ఉంది, పళ్లన్నీ కనబడేలా. ఆ పళ్ల కింద కూర్చుని ఆయనతో ఏం పోట్లాడతాను. ఇంకో బిస్కెట్ జేబులో వేసుకుని ఆయన వెళ్లిపోయాడు. సాగనంపడానికి ఎవరూ లేవలేదు. జాగారానికి వచ్చినవాళ్లను సాగనంపకూడదు మా దగ్గర. ఆ ఆచారం ఆ రోజు నాకు భలే నచ్చింది.

నవోతాస్ రేవు వెనక మా సందులో ఎవరు చచ్చినా బింగో ఆడకుండా మట్టి చెయ్యం. అది సరదా కోసం కాదు. సరదా కూడా ఉంటుంది, లేదని ఎవరన్నారు. కానీ అసలు సంగతి శవం వాటా. ఆటకింత అని అందరూ వేస్తారు. ఎవరో ఒకరు బింగో అని అరుస్తారు. గెలిచిన డబ్బు వాళ్ల చేతికి వెళ్లేలోపే అందులో ఒక వాటా పేటిక కాళ్ల దగ్గరున్న బిస్కెట్ డబ్బాలో పడుతుంది. అడగక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. కాఫీ పొడి, పేటిక చుట్టూ పెట్టే అద్దె దీపాలు, శ్మశానంలో చోటు, అన్నీ ఆ డబ్బాలోంచే. మా సందులో చచ్చినవాళ్లను ప్రభుత్వం పాతిపెట్టలేదు, చర్చి పాతిపెట్టలేదు. బింగో పాతిపెట్టింది.

ఆ బింగోకి నంబర్లు పిలిచింది తెరోయ్ అన్నే. చెక్క నంబర్లున్న గుడ్డ సంచి భుజాన వేసుకుని ఏ చావింటికైనా పిలవకుండా వచ్చేవాడు. కూలీ తీసుకునేవాడు కాదు. ఒక కాఫీ, ఉడకబెట్టిన గుడ్డు, అంతే. సంచిలో చెయ్యి పెట్టి కలిపి కలిపి, అందరి ప్రాణాలు తోడి, అప్పుడు ఒక నంబరు తీసేవాడు. ఒకటి వస్తే, అట్ట మీద దాని వరస అక్షరం ముందు చెప్పి, "బి... పెళ్లికాని ఒంటరోడు" అనేవాడు. అన్నిటికంటే పెద్ద నంబరు డెబ్భై ఐదు. అది వస్తే నంబరు మాత్రం చెప్పి ఆగేవాడు. సందంతా ఒక్క గొంతుతో అందుకునేది: "తాతొచ్చాడు, కుర్చీ వెయ్యండి." ఏడుస్తూ కూర్చున్న పెళ్లాం పిల్లలు కూడా అనేవాళ్లు. ఎన్ని చావులకు అన్నామో ఆ మాట.

అలాంటివాడి జాగారంలో సంచి మూతి కట్టేసి మూలన పడుంది.

"ఒదినా, చోటు సంగతేమైంది?" అని అడిగాను.

"నీలో వెళ్లొచ్చాడు" అంది ఇస్యాంగ్ వదిన. నీలో వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. మూడు చక్రాల బండి తోలతాడు. "కింది వరసలో ఒక్క అర ఖాళీ ఉందట. సమాధి రోజు పొద్దుటిదాకా ఆపుతామన్నారు. పై వరసైతే చవగ్గా ఇస్తారంట."

మా శ్మశానంలో నేల లేదు. సిమెంటు అరలు ఒకదాని మీద ఒకటి, బట్టల బీరువా సొరుగుల్లాగా. చేతికందే అరకు ఒక ధర. పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. ఎందుకంటే నిచ్చెన కావాలి.

"నాకు చేతికందే చోటే కావాలి పురింగూ. ఈ మోకాళ్లతో నిచ్చెనెక్కుతానా నేను? కొవ్వొత్తి వెలిగించాలా, రాయి తుడవాలా. ఆయన్ని అటక మీద సామానులా పడేసి రమ్మంటారా?"

రేవులో తడినేల మీద గొంతుక్కూర్చుని చేపలు బాగు చేసీ చేసీ పోయిన మోకాళ్లు అవి. ఆమె అడిగింది బంగారు పేటిక కాదు. మొగుడు చేతికందాలని. అంతే. ఆ మాత్రం కూడా ఇప్పించలేకపోతే ఎండుచేపల అమ్మకందారుల సంఘానికి నేను ప్రెసిడెంటునై ఏం లాభం. నీలో పేటికకే ఉన్నదంతా ఊడ్చేశాడు. ఇక మిగిలింది శవం వాటా. దాన్ని కౌన్సిలరు బిస్కెట్‌తో పాటు మింగేసి పోయాడు.

చుట్టూ చూశాను. టెంటు కింద జనం నిండుగా ఉన్నారు. పల్లీలు నములుతున్నారు. కాఫీ తాగుతున్నారు. ప్రతి ఒక్కడి మొహం మీదా ఫోను వెలుతురు. అందరూ బింగోయే ఆడుతున్నారు. ఒక్కడి ఆటలోంచీ చిల్లిగవ్వ డబ్బాలో పడటం లేదు.

అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. సరే, ఫోనులోనే ఆడండి. గెలిచినోడు వాటా డబ్బాలో వెయ్యండి. లైసెన్సున్న ఆట కదా, కౌన్సిలరు ఏం పీకుతాడు. ముందుగా నేనే ఆడి చూపించాలి. నాయకత్వమంటే అదే కదా.

బేబాంగ్ కొట్టుకు వెళ్లాను. సందు మొదట్లో చిల్లర కొట్టు ఆమెది. ఫోనుల్లో డబ్బులు ఎక్కించేదీ ఆమే, బింగోలో జనాన్ని చేర్పించేదీ ఆమే. ఒక్కొక్కరిని చేర్పిస్తే కంపెనీ ఆమెకు ఎంతో ఇస్తుంది. ఆమె మార్కెట్ గేటు మీద కట్టించిన ఆ బింగో ప్రకటన బొమ్మను పీకి, చేపల చెత్తలో వేసింది నేను. ఆమె ఆ సంగతి మర్చిపోలేదు.

"రా అక్కా, రా. ఆ బొమ్మకి ఇంకా వాసన పోలేదు" అంది.

"మాటలొద్దు. చేర్పించు."

"ఎవర్ని?"

"నన్నే."

ఆమె చూయింగ్ గమ్ నమలడం ఆపేసింది. తర్వాత నవ్వుకుంటూ కౌంటరు మీదికి వంగింది. ముందు వైఫై పెట్టెలో చిల్లర వెయ్యాలంది. ఆమె కొట్టు గోడకి ఇనప డబ్బా ఒకటి వేలాడుతుంటుంది. నాణెం వేస్తే కాసేపు ఇంటర్నెట్ వస్తుంది. వేశాను. అది చప్పుడు చేస్తూ మింగింది. బిస్కెట్ డబ్బాలో పడాల్సింది ఇక్కడ పడిందని అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

నా ఫోను నంబరు కొట్టమంది. కొట్టాను. ఒక కోడ్ వస్తుందంది. వచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుని చదివేలోపు దానికి కాలం తీరిపోయిందట. మళ్లీ పంపించాడు ఆ కంపెనీవాడు. ఈసారి చదివాను కానీ ఉప్పులో నానిన నా వేళ్లను ఆ గాజు గుర్తు పట్టలేదు. మూడుసార్లు నొక్కితే ఒకసారి తీసుకుంటుంది, లేకపోతే ఒకసారి నొక్కితే మూడుసార్లు తీసుకుంటుంది. ఇంతలో వైఫై పోయింది. మళ్లీ నాణెం.

పేరు అడిగాడు. ఊరు అడిగాడు. నీ డబ్బు ఎక్కడ్నించి వస్తుందని అడిగాడు. నా డబ్బు తీసుకోబోయేవాడు నన్ను అడుగుతున్నాడు అది ఎక్కడిదని. "ఎండు చేపలు" అని రాశాను. ఆ తర్వాత, మీరు ప్రజా పదవిలో ఉన్నారా అని అడిగాడు. ఉన్నాను అని నొక్కాను. మూడుసార్లు గెలిచాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. వెంటనే తెర ఎర్రగా మారి, క్షమించండి, పదవుల్లో ఉన్నవాళ్లు ఈ ఆట ఆడకూడదంటూ నన్ను బయటికి తోసేసింది.

బేబాంగ్ నెత్తి కొట్టుకుంది. "ఎండుచేపల సంఘం ప్రెసిడెంటు పదవిని ఎవరు అడిగారక్కా? వాళ్లడిగేది మేయర్లని, కౌన్సిలర్లని."

"మేయరు గెలిచింది ఒక్కసారి. నేను మూడుసార్లు."

"సరే తల్లీ. ఇప్పుడు మాత్రం పదవి లేదని చెప్పు."

నా జీవితంలో మొదటిసారి రాజీనామా చేశాను, అదీ ఒక ఫోనుకి. మళ్లీ మొదట్నించీ అన్నీ కొట్టాం. చివరికి ఫోను నా మొహం చూపించమంది. ఒక గుండ్రటి గీత వచ్చింది. అందులో తల పెట్టాలట. పెట్టాను. 'కళ్లు ఆర్పండి' అని రాసింది. ఆర్పాను. 'తల కుడివైపు తిప్పండి.' తిప్పాను. 'చిరునవ్వు నవ్వండి.'

"జాగారంలో ఉన్నదాన్ని నవ్వమంటాడేంటి వీడు?"

"నువ్వు బతికే ఉన్నావో లేదో చూసుకుంటాడక్కా. ఫొటో పెట్టి మోసం చేస్తారు కదా జనం. నవ్వెయ్."

"నాకు నవ్వు రావటం లేదు."

"మన కౌన్సిలరు కాలుజారి మురిక్కాలవలో పడ్డాడనుకో. పళ్లతో సహా."

ఫోను నన్ను ఒప్పుకుంది.

సాయంత్రానికి టెంటు కింద నిలబడి అందరికీ చెప్పాను. మీటింగుల్లో చెప్పినట్టే చెప్పాను. తెరోయ్ అన్న మీలో ఎవరి తండ్రిని పాతలేదు, ఎవరి తల్లిని పాతలేదు చెప్పండి అన్నాను. ఫోనులో గెలిచినా గెలుపు గెలుపే, వాటా వాటాయే అన్నాను. అందరూ తలలూపారు. ఎస్తోంగ్ అయితే కళ్లు కూడా తుడుచుకున్నాడు. బేబాంగ్ వైఫై పెట్టెను కొట్టు దగ్గర్నించి ఊడదీసి తెచ్చి టెంటు గుంజకు తగిలించింది, జనం అంత దూరం నడవక్కర్లేకుండా. అది ఆమె చేసిన సాయం. లేదా వ్యాపారం. ఆమె దగ్గర రెండూ ఒకే రంగులో ఉంటాయి.

ఆడాం.

నేను బింగో ఆడటం మొదలుపెట్టి నా వయసులో సగం పైగా అయింది. నంబరు వింటాను, అట్ట మీద వెతుకుతాను, గింజ పెడతాను. ఫోనులో అదేం లేదు. ఎర్ర గౌను పిల్ల చదువుతుంది. ఫోనే వెతుకుతుంది. ఫోనే గుర్తు పెడుతుంది. ఫోనే ఓడిపోతుంది. డబ్బు మాత్రం నాది. తెరోయ్ అన్న సంచిలో చెయ్యి పెట్టి ఒక్క నంబరు బయటికి తీసేపాటి సమయంలో ఆట అయిపోయి, ఇంకో ఆటకు సిద్ధమా అని అడుగుతోంది. నేను ఇంకా మొదటి ఆటలో ఏం జరిగిందో చూసుకుంటున్నాను.

"ఏదీ, నా నంబర్లు ఎక్కడ?"

"అయిపోయిందక్కా. ఓడిపోయావ్."

"ఎప్పుడు?"

"నువ్వు కాఫీ ఊదుకుంటున్నప్పుడు."

చీకటి పడకముందే డబ్బా మూత తీసి చూశాను. నేను వేసిందీ, ఇస్యాంగ్ వదిన చెల్లెలు వేసిందీ, ఒక చొక్కా గుండీ. అంతే. ఇంతమంది ఆడుతుంటే ఒక్కడూ గెలవలేదా? అలా జరగదు. ఊరికే ఓడిపోయేవాడు అంతసేపు ఆడడు.

అప్పుడు అర్థమైంది నాకు, ఎక్కడ దెబ్బ తిన్నామో. అట్టల బింగోలో గెలవాలంటే అరవాలి. అరవకపోతే గెలుపే కాదు. పక్క నంబరు పిలిచేలోపు నోరు తెరవకపోతే పోయింది. అరిచావంటే సందంతా విన్నది, ఇక వాటా ఎగ్గొట్టేదెట్లా. ఫోనులో ఎవడూ అరవడు. గెలిచినోడు నోరు మూసుకుని గెలుస్తాడు. మొత్తం ఆట కట్టిందే అందుకు. పక్కనున్నవాడికి తెలియకుండా గెలవడానికీ, పక్కనున్నవాడికి తెలియకుండా మునగడానికీ.

మార్కెట్‌లో తూకం మోసం చేసేవాడి మొహం నాకు తెలుసు. వరసల మధ్య నడుస్తూ మొహాలు చూశాను. ఎస్తోంగ్ పల్లీ నమలడం ఆపేశాడు. కాలి బొటనవేలు పైకి లేచింది.

"ఎస్తోంగూ, గెలిచావు."

"లేదక్కా, పల్లీ గొంతుకడ్డం పడింది."

"ఫోను చూపించు."

"ఇప్పుడే చార్జింగు అయిపోయిందక్కా. నా తల్లి మీద ఒట్టు."

"నీ తల్లి జాగారంలో నంబర్లు పిలిచింది ఎవర్రా?"

ఎస్తోంగ్ లేచి, ఎవరూ చూడట్లేదన్నట్టు డబ్బా దగ్గరికి వెళ్లి ఏదో వేశాడు. తర్వాత తీసి చూస్తే ఒకే ఒక్క నాణెం. తెల్లగా చల్లగా, అతని ఐసు లాగే. నాకు అతని మీద కంటే నా మీదే ఒళ్లు మండింది. ఇంతమందిని మీటింగు పెట్టి మరీ ఆడమని చెప్పింది నేనే కదా. ఆ సాయంత్రం వైఫై పెట్టె నిండింది. రెండుసార్లు ఖాళీ చేసుకుంది బేబాంగ్.

మర్నాడు పొద్దున నేను జావ గిన్నె తీసుకుని వెళ్లేసరికి నీలో పేటిక పక్కన కూర్చుని వాళ్ల నాన్న ఫోను చూస్తున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"అత్తా, నాన్న ఫోనులో కూడా ఉంది" అన్నాడు.

"ఏముంది?"

"బింగో."

నేను నమ్మలేదు. తెరోయ్ అన్న ఆ ఆట పేరెత్తితే ఉమ్మేసేవాడు. మార్కెట్ గేటు మీద బొమ్మ పీకినప్పుడు నిచ్చెన పట్టుకున్నది ఆయనే. నీలో ఫోను నా చేతికిచ్చాడు. తెర మీద తెరోయ్ అన్న మొహం, గుండ్రటి గీతలో. 'అభినందనలు తెరోయ్, మీ గెలుపు మీకోసం ఎదురు చూస్తోంది' అని రాసుంది. కింద అంకె చూశాను. కింది వరస అరకు సరిపోతుంది. పైన కొవ్వొత్తులకు కూడా మిగులుతుంది.

బేబాంగ్‌ని పిలిపించాను. ఆమె వచ్చి, నా కళ్లలోకి చూడకుండా పేటిక వైపు చూస్తూ చెప్పింది.

"ఆయనే వచ్చాడక్కా. ఈ మధ్య జాగారాల్లో ఆయన పిలిస్తే ఆడేవాళ్లేరీ? నువ్వు చూడలేదా? ఆ ముందు చావింట్లో సంచి ముందేసుకుని కూర్చున్నాడు, ఒక్కడు అట్ట తీసుకోలేదు. మర్నాడు నా కొట్టుకొచ్చి, అసలు అందులో ఏముందో నేనూ చూస్తానన్నాడు. పురింగ్‌కి చెప్పకు, ఉప్పేసి ఎండబెడుతుంది అన్నాడు."

"గెలిచింది ఎప్పుడు?"

"పోయే ముందు సాయంత్రం. డబ్బు తీసుకోవాలంటే మళ్లీ మొహం చూపించాలంది ఫోను. చత్వారం కదా, ఆ సాయంత్రం సరిగ్గా కుదర్లేదు. పొద్దున్నే వస్తానన్నాడు."

ఎవరి సంచి కోసం నేను కౌన్సిలరుతో తగవు పెట్టుకోబోయానో ఆయన నాకు చెప్పకుండా ముందే అటువైపు వెళ్లి నిలబడ్డాడు. అట్ట తీసుకోని జనంలో నేను ఉన్నానా ఆ రోజు? ఉన్నాను. నా ఎండుచేపల లెక్కలేవో చూసుకుంటున్నాను. ఆయన పిలుస్తాడు కదా, ఎప్పుడూ పిలుస్తాడు కదా అనుకున్నాను.

"అప్పుడు కుదరనిది కళ్లే కదా" అంది బేబాంగ్ మెల్లగా. "మొహం ఇక్కడే ఉంది కదా."

ఎవరికీ మొదట అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. నీలో వాళ్లమ్మ వైపు చూశాడు. ఇస్యాంగ్ వదిన కుర్చీలోంచి కదల్లేదు. వద్దనలేదు. సరేననలేదు.

బేబాంగ్ ఫోను పట్టుకుని పేటిక మూతకున్న అద్దం మీదికి వంగింది. నేను దీపం ఆపేశాను, అద్దంలో మెరవకుండా. అవును, నేనే. గుండ్రటి గీతలో తెరోయ్ అన్న మొహం కుదిరింది. పౌడరు కొట్టి, బుగ్గలకు రంగేసి, బతికున్నప్పటికంటే నున్నగా ఉన్నాడు. ఫోను ఆయన్ని గుర్తు పట్టింది. గీత పచ్చగా మారింది.

'కళ్లు ఆర్పండి' అంది ఫోను.

టెంటు కింద పల్లీ పగిలిన చప్పుడు లేదు.

'కళ్లు ఆర్పండి.'

"చెప్పండి, చెప్పండి. వింటాడేమో" అంది ఇస్యాంగ్ వదిన వెనక నుంచి. "పెళ్లైనప్పట్నించీ నేను చెప్పింది ఒక్కటీ వినలేదు."

ఎవరో పుసుక్కున నవ్వారు. ఎవరో ఏడ్చారు. బేబాంగ్ చేతిలోంచి ఫోను జారి అద్దం మీద పడింది. 'మీరు కదులుతున్నారు, దయచేసి స్థిరంగా ఉండండి' అంది ఫోను. మా సందులో ఆయనంత స్థిరంగా ఎవరున్నారు.

ఇక మిగిలింది కంపెనీవాళ్లతో మాట్లాడటం. మాట్లాడటానికి మనిషి లేడు. ఫోనులో రాస్తే జవాబు వస్తుంది. నీలో రాశాడు, మా నాన్న చనిపోయాడు అని. వెంటనే జవాబు వచ్చింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఖాతాదారు స్వయంగా మమ్మల్ని సంప్రదించాలి. ఆయన పేటికలో ఉన్నాడని రాశాడు. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మరణ పత్రం, వారసత్వ పత్రం, నోటరీ సంతకం పంపితే పరిశీలిస్తాం. ఎంత కాలం అని అడిగాడు. పరిశీలన పూర్తయ్యేవరకు. నేను ఫోను లాక్కుని నాకు చేతనైనంత రాశాను. ఏ సంఘం తరఫున రాస్తున్నానో కూడా రాశాను. మా సేవలు ఎలా ఉన్నాయో స్టార్లు ఇచ్చి చెప్పమంది.

చావింటి అట్టల బింగోలో పదిమంది చూస్తుండగా చేతిలో పెట్టే డబ్బుకి ఎవడైనా ఎప్పుడైనా కళ్లు ఆర్పమన్నాడా? తెరోయ్ అన్న పిలిచిన ఏ ఆటలోనైనా, గెలిచినవాడు అరిచాక గుండాగి పడిపోయినా, వాడి పెళ్లాం చేతికి డబ్బు వెళ్లేది. అరిచాడా లేదా అన్నదే లెక్క. ఆ సాయంత్రం తెరోయ్ అన్న అరవలేదు. కొట్టులో నోరు మూసుకుని గెలిచి, నోరు మూసుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు. ఇస్యాంగ్ వదినకి కూడా చెప్పలేదు. సిగ్గుపడ్డాడేమో. ఆ సిగ్గు ఎవరివల్ల అని నన్ను నేను అడిగి చూశాను. జవాబు నాకు నచ్చలేదు.

సమాధి రోజు పొద్దున డబ్బు అందకపోయేసరికి శ్మశానం ఆఫీసువాళ్లు కింది అర ఇంకెవరికో ఇచ్చేశారు. తెరోయ్ అన్నకు అన్నిటికంటే పై అర దొరికింది.

ఊరేగింపుగా నడిచి వెళ్లాం. సందంతా వచ్చింది, ఆ మాట మాత్రం చెప్పాలి. రావడానికి ఎవరూ వెనకాడలేదు. అరల ముందు ఇరుకు దారి. పైకి పేటికను తాళ్లతో లాగాలి. నీలో నిచ్చెన మీద, ఎస్తోంగ్ కింద భుజం పెట్టి. దిమ్మెలు మోసే భుజం, గట్టిగానే మోసింది. తాళ్లు కిర్రుమంటున్నాయి. పేటిక మూడో వరస దాటింది, నాలుగో వరస దాటింది. అప్పుడు ఎవరిదో సంచిలోంచి ఎర్ర గౌను పిల్ల గొంతు వినపడింది. ఆట ఆపడం మర్చిపోయినట్టున్నారు.

"ఓ... డెబ్భై ఐదు" అంది.

"తాతొచ్చాడు, కుర్చీ వెయ్యండి" అన్నాం.

అందరం అన్నాం. ఎవరూ అనుకుని అనలేదు. నోళ్లే అనేశాయి. తాడు పట్టుకున్నవాళ్లు కూడా అన్నారు. ఆ తర్వాత అందరూ ఒకరి మొహం ఒకరు చూడలేక నేల చూశారు. బేబాంగ్ సంచిలో చెయ్యి పెట్టి కెలికి కెలికి ఫోను నోరు నొక్కింది. పేటిక అరలోకి జారింది. మేస్త్రీ సిమెంటు మెత్తడం మొదలుపెట్టాడు.

ఇస్యాంగ్ వదిన కొవ్వొత్తి పట్టుకుని కింద నిలబడింది. తల వెనక్కి వాల్చి పైకి చూసింది. మేస్త్రీ చెప్పుల అడుగులు తప్ప ఆమెకేం కనబడవు అక్కణ్నించి. నీలో నిచ్చెన దిగి వచ్చి, "ఇటివ్వమ్మా, నేను పైన పెట్టొస్తాను" అన్నాడు.

"నువ్వు పెడితే నువ్వు పెట్టినట్టు. నేను పెట్టినట్టు ఎలా అవుతుంది."

"మరెలాగమ్మా."

ఆమె నా భుజం పట్టుకుని మోకాలు కొంచెం వంచింది. ఆమెకు చేతికందే ఎత్తులో ఉన్న అర ఎవరిదో. పాత రాయి, నాచు పట్టింది. ఎవరూ వచ్చి తుడిచిన గుర్తు లేదు. పేరు రెమెడియోస్ అని మాత్రం తెలుస్తోంది. ఇస్యాంగ్ వదిన గుడ్డతో కాదు, అరచేత్తో ఆ నాచు తుడిచింది. కొవ్వొత్తి వెలిగించి ఆ రాతి ముందు నిలబెట్టింది. గాలికి ఆరకుండా కాసేపు చెయ్యి అడ్డం పెట్టింది.

"రెమెడియోస్ తల్లీ" అంది, పక్కింటావిడని పిలిచినట్టు. "మా ఆయన పైన ఉన్నాడు. నీకు ఎలాగూ వెలుతురొస్తుంది. కొంచెం పైకి కూడా అందించు."